విందు ఆపించిన ఆచార్యురాలు

1987 మార్చి 9వ తేదీన మన విశ్వవిద్యాలయ సముద్రజీవశాస్త్ర విభాగంలో చేరిన ఆచార్య ఎదెల్మిరా బార్రియా గారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనున్నారు. పొగడ్త వారికి బొత్తిగా గిట్టదు. అయినా ఈ ఒక్కసారికి భరించక తప్పదని మనవి.

తొలి సంవత్సరాలలో చిలోయే ద్వీపతీరాల వెంట తిరిగి, సముద్రంలో విషపు నాచు ప్రబలి ‘ఎర్రపోటు’ వచ్చినప్పుడు ఆలిచిప్పలలో చేరే విషంపై వారు సాగించిన పరిశోధన విభాగానికి ప్రతిష్ఠ తెచ్చింది. 1994లో విస్తరణ సేవల బాధ్యత స్వీకరించారు. ఫలితం పత్రికలో అచ్చయితే సగం పనేననీ, తీరానికి వెళ్ళి చెప్పి, అక్కడివారి చేత నాలుగు చీవాట్లు తిన్నాకే పూర్తయినట్టనీ వారి నిశ్చితాభిప్రాయం.

1998 ఏప్రిల్‌లో ఒక శనివారం. లిన్‌కాయ్ తీరంలో ఆలిచిప్పలు ఏరే స్త్రీల నాయకురాలు ఒర్తెన్సియా నౌతో గారి చెక్క ఇంటిని ఊరంతా కలిసి, ఎడ్లు కట్టి, కొత్త చోటికి లాగుతున్నారు. పని ముగిశాక గోతిలో కాలిన రాళ్ళ మీద ఆలిచిప్పలు, మాంసం, దుంపలు కలిపి వండే ‘కురాంతో’ అనే విందు. ఆ ఉదయమే ప్రయోగశాలలో లిన్‌కాయ్ చిప్పల్లో విషం బయటపడింది. “సోమవారం ప్రభుత్వమే ప్రకటిస్తుంది. మధ్యలో మీరెందుకు చెడ్డవడం?” అన్నారు నాటి విభాగాధిపతి. విందు చెడగొడితే ఏళ్ళ తరబడి సంపాదించుకున్న నమ్మకం పోతుంది. ఊరుకుంటే ప్రాణాలే పోవచ్చు. బార్రియా గారు పడవెక్కారు.

“చిప్పలు పారేయించండి, ఒర్తెన్సియా. విషముంది.”

“ఊరుకోండి డాక్టరమ్మా! నిమ్మకాయ పిండితే ఏ విషమైనా చస్తుంది.”

“నిమ్మకాయకీ చావదు, నిప్పుకీ చావదు.”

“పొద్దుట్నుంచీ ఇల్లు లాగినవాళ్ళకి ఏం పెట్టమంటారు? మీ మైక్రోస్కోపు ఉడకేసి పెట్టనా?”

అందరూ గొల్లున నవ్వారు. బార్రియా గారు మాత్రం చిప్పల గంపలకు అడ్డంగా కూర్చున్నారు.

“రేపట్నుంచి నా మొహం చూడకండి, సరే. ఇవాళ మాత్రం ఒక్కటి కూడా గోతిలో వెయ్యనివ్వను.”

ఒర్తెన్సియా గారు తిట్టుకుంటూనే గంపలు సముద్రంలో కుమ్మరించారు. బంగాళాదుంపలు, పంది మాంసంతోనే విందు ముగిసింది. మర్నాడు పక్క తీరంలో చిప్పలు తిన్న ముగ్గురిని ఆసుపత్రిలో చేర్చారు. వారిలో ఒకరు దక్కలేదు.

వారం తిరక్కుండా ఒర్తెన్సియా గారు ప్రయోగశాల గుమ్మంలో నిలబడ్డారు. “ఆ పరీక్షేదో మాకూ నేర్పండి. ప్రతిసారీ మీరొచ్చి విందు పాడుచెయ్యక్కర్లేదు,” అన్నారు. ద్వీపంలోని స్త్రీలు నేడు తామే నమూనాలు సేకరించి పరీక్షించే పద్ధతి అలా ఆరంభమైంది.

ఈ సంచికకు నాలుగు మాటలు చెప్పమని అడిగినప్పుడు ఒర్తెన్సియా గారు ఇలా అన్నారు: “ఆవేళ ఆవిడకి కంచం కూడా పెట్టలేదు నేను. అందరూ తింటుంటే ఒక్కత్తీ ఒడ్డున కూర్చుంది. నా పిల్లలు ముగ్గురూ ఆకలని గోతి చుట్టూనే తిరుగుతున్నారప్పుడు. ఇప్పుడు ముగ్గురికీ పిల్లలున్నారు. ఆవిడ చల్లగా ఉండాలయ్యా. నా ఆయుష్షు కూడా పోసుకుని బతకాలి.”

విభాగం తరఫున రాయదలచిన శుభాకాంక్ష ఇదే. ఇంతకన్నా బాగా రాయడం మాకు చేతకాదు.