ఖాళీలు దాచిన బావ

అక్క మొగుడు పనిచేసే ఆఫీసులోనే ఉద్యోగం దొరకడం అదృష్టమేమీ కాదని మరదలికి చేరిన కొత్తలోనే తెలిసిపోయింది. ఇవాళ మాత్రం ఆయనతోనే పని పడింది. వాళ్ళ టీమ్ ఒక కన్సోల్ తయారుచేస్తోంది. మనం ఒక లైను టైపు చేస్తే వెంటనే బదులిచ్చే నల్ల తెర అది. అందులో ఏ ఖాళీ జవాబులు చూపించాలో, ఏవి దాచాలో భోజనాలయ్యాక మీటింగులో ఆమే తేల్చి చెప్పాలి. ఆమె చేతికి వచ్చిన మొదటి నిర్ణయం అది. తప్పు చెబితే ఇంకెప్పుడూ తనను అడగరేమోనని ఆమెకు బెంగగా ఉంది. అందుకే టీ కొట్టు దగ్గర బావను పట్టుకుంది.

"ఓస్, అదా?" అన్నాడు బావ, బల్ల మీద కాలు మీద కాలేసుకుని కూర్చుని. "అసలు ఖాళీలు దాచడం మొదలెట్టిందే నేను. అప్పట్లో ఏ పని చెప్పినా కన్సోల్ చేసిపెట్టి, కింద 'ఏమీ లేదు' అని రాసేది. ఫైలు చెరిపెయ్యమంటే చెరిపేసి 'ఏమీ లేదు', పేరు మార్చమంటే మార్చేసి 'ఏమీ లేదు'. చూసి చూసి ఒళ్ళు మండి ఒకే ఒక్క లైను కోడు రాశాను. దెబ్బకి నోరు మూసుకుంది."

"ఇంతవరకూ నమ్మొచ్చు," అన్నాడు పక్కనే కూర్చున్న వాళ్ళ టీమ్ డిజైనర్, టీ ఊదుకుంటూ.

బావకు ఆ మాత్రం చాలు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఖాళీ జాబితా దాచాను, సున్నా దాచాను, తెర అద్దంలా అయిపోయి ఆఫీసంతా అందులోనే తల దువ్వుకునేది. ఓ రోజు వచ్చి చూద్దును కదా, నా లైను తెరలోంచి బయటికి పాకేసింది. సెలవు పెట్టినవాళ్ళ కుర్చీలు కనపడవు. మేనేజరు ఉపన్యాసం మొదలెట్టాడు, పెదాలు కదులుతున్నాయి, ముక్క వినపడదు. అందులో ఏమైనా ఉంటే కదా వినపడ్డానికి."

టీ కొట్టాయన పడీపడీ నవ్వాడు. "మరి నా గ్లాసులో, బాబూ?"

"తాగేసిన గ్లాసు తాగేసినట్టే మాయం. అద్దెకి దొరికే ఇళ్ళు వీధులకి వీధులే మాయం. అక్కడితో ఆగిందా? రాత్రి చుక్కకీ చుక్కకీ మధ్య ఉన్న ఖాళీ కూడా దాచేసింది, చుక్కలన్నీ దగ్గరికొచ్చి గుద్దుకోబోయాయి. అప్పుడు పైనుంచి నాకు ఫోనొచ్చింది."

"పైనుంచి అంటే?" అన్నాడు డిజైనర్.

"ఆ ఒక్కటీ అడక్కు. బాబ్బాబూ ఆ లైను తీసెయ్ అని బతిమాలారు, సరే, ఆలోచిస్తానన్నాను."

మరదలికి నవ్వొచ్చింది గానీ, మీటింగు టైము దగ్గరపడుతోంది.

"బావా, నాకొక్కటి చెప్పు. మన ప్రోగ్రాముకి పెట్టిన టెస్టుల్లో ఫెయిలైనవేమైనా ఉన్నాయా అని కన్సోల్‌ని అడిగాననుకో. ఒక్కటీ లేదు, జాబితా ఖాళీ. నీలాగే దాచేశాననుకో. వెతికితే ఏమీ దొరకలేదా, అసలు వెతకనే లేదా? నాకెలా తెలుస్తుంది?"

బావ నోరు తెరిచాడు. మూశాడు. ఒకసారి టీ వైపు, ఒకసారి రోడ్డు వైపు చూశాడు. డిజైనర్ ఊదడం ఆపేసి ఎదురుచూశాడు. ఏమీ రాలేదు.

"ఇదిగో, ఇదే," అంది మరదలు నెమ్మదిగా. తనకే అప్పుడప్పుడే తెలుస్తున్నట్టుంది. "నేనొకటి అడిగాను, నీ దగ్గరున్న జవాబు ఖాళీ. దాన్ని దాచేస్తే నువ్వింకా ఆలోచిస్తున్నావనుకుని సాయంత్రం దాకా ఇక్కడే కూర్చుంటాను. ఇది చూపించాల్సిన ఖాళీ బావా."

డిజైనర్‌కి పొలమారింది. పొద్దుటి నుంచీ ఉన్న బెంగ ఆమెలో ఎటు పోయిందో తెలియలేదు. చున్నీ సర్దుకుని లేచింది.

"ఆ గ్లాసులు కాస్త లోపల ఇచ్చేసిరా బావా."

బావ మాట్లాడకుండా గ్లాసులన్నీ తీసుకుని లోపలికి వెళ్ళాడు.

"అదీ, అలాంటి ఖాళీ దాచెయ్యొచ్చు," అంది డిజైనర్‌తో. "పని చెప్పాం, చేశాడు."