వన్స్ మోర్

1927. అరకు కొండల్లో ఒక చిన్న ఊరి పొలిమేర. విజయనగరంలో ఒక నాటక సమాజానికి కార్యదర్శి అయిన గణపతిరావు బండి దిగి, డప్పు వాయించే సుక్రుతో మాట్లాడుతున్నాడు. సుక్రు అన్న సోంబరు, సోంబరు కూతురు మంగ్లి బండిలోనే ఉన్నారు.

"అయితే ఆ బండిలో కూర్చున్నవాడు ఎవడ్రా?"

"నాకేటీ కనబడ్డం నేదు బాబూ."

"నీ సొంత అన్న. సోంబరు. కళ్ళు పోయాయా సుక్రూ?"

"మా అన్న సచ్చిపోనాడు. ఏడిసినాం. దినం సేసినాం. ఊరందరికీ కూడెట్టినాం."

"నెలరోజులై వాడు మా అరుగు మీద కూర్చుని తింటున్నాడు. చచ్చినవాడికి అంత ఆకలేమిటోయ్?"

"ఏటో బాబూ. టవున్లో సచ్చినోళ్ళకి ఆకలేత్తాదేమో."

"వెటకారమా? అనంతగిరి ఘాటీ ఎక్కేసరికి నా నడుం విరిగింది. దారి పొడుగునా వాడు ఒక్క మాట ఆడలేదు. నీ వెటకారం వినడానికా ఇంతదూరం వచ్చాను?"

"గుంట రావచ్చు. మంగ్లిని దింపీయండి. ఆళ్ళమ్మ దారి సూత్తంది."

"అది తండ్రి చెయ్యి వదలదు. మీ ఆడవాళ్ళంతా వెనక్కి వచ్చేసినా అది రానందిగా. దింపితే ఇద్దర్నీ దింపుతాను."

"ఇద్దరంటే అవదు బాబూ."

"అవాలి. మా ఆవిడ పోరు పడలేకుండా ఉన్నాను. పీనుగని అరుగు మీద పెట్టుకున్నారేమిటని వీధిలో వాళ్ళు అడుగుతున్నారట."

"అదీ మరి. ఆ అమ్మగోరికి తెలిసినాది."

"ఏం తెలిసింది నీ మొహం. అది ఆటరా. ఉత్త ఆట."

"మీకు ఆట. మీరేగదా అడిగినారు. మా కాడికొచ్చి థింసా ఆడితే సూసినారు, బాగుందన్నారు. పెళ్ళి డప్పు ఇన్నారు, పండగ డప్పు ఇన్నారు, అదీ బాగుందన్నారు. అప్పుడు సావు డప్పు కావాలన్నారు."

"అన్నాను. మా ఊళ్ళో ఏ వీధికెళ్ళినా హరికథ, వీణ, పద్యనాటకం. జనానికి మొహం మొత్తింది. కొండవాళ్ళ చావు డప్పు ఇంతవరకూ ఏ సమాజం వాడైనా స్టేజీ ఎక్కించాడా? నేను ఎక్కించాను."

"పడుకున్న మనిషి నేకుండా ఆ డప్పు కొట్టకూడదన్నాను. అయితే ఎవణ్ణో ఒకణ్ణి పడుకోబెట్టమన్నారు. మా పెద్దలు ఒప్పుకోనేదు. మీరు ఒగ్గనేదు. ఆకరికి ఒక్క మాట మీద పంపినారు."

"ఆఖరి దెబ్బ కొట్టకూడదని. తెలుసులే."

"ఆ దెబ్బ పడకముందే పడుకున్నోడు లెగిసి కూకోవాల. దెబ్బ పడ్డాదా, ఆడు సచ్చినట్టే. పెళ్ళానికి మొగుడు కాడు, ఊరికి మనిషి కాడు. మీకు ముందే సెప్పినాను."

"మొదటిసారి అలాగే చేశారుగా. నేను కాదన్నానా?"

"అప్పుడు జనం అరిసినారు. వన్సుమోరు, వన్సుమోరు అని. తిడతన్నారేమో అనుకున్నాను."

"తిట్టు కాదోయ్ పిచ్చివాడా. ఆ మాట కోసం మా వేషగాళ్ళు ప్రాణం పెడతారు. మా నాటకంలో రాజు యుద్ధంలో చచ్చిపడ్డాక కూడా, వన్స్ మోర్ అన్నారంటే లేచి, పద్యం మళ్ళీ అందుకుని, మళ్ళీ చస్తాడు. ఇంటికెళ్ళి అన్నం తింటాడు."

"మీ రాజు లెగుత్తాడు. మావోడు దెబ్బ పడ్డాక లెగకూడదు బాబూ."

"లేచాడు కదరా."

"అదే తప్పు. ముగింపు సప్పగుందన్నారు. రెండోపాలి తెర పక్కనించి సైగ సేసినారు, కొట్టు కొట్టు అని. కొట్టకపోతే బండి నేదు, కొండకి నడిసి పొమ్మన్నారు. ఆడోళ్ళున్నారు, గుంటలున్నారు. కొట్టినాను. దెబ్బ పడ్డాక మా అన్న లెగిసి జనానికి దండం పెట్టినాడు. సచ్చినోడు దండం పెట్టినాడు. మా మోరీ ఊదేవోడు మోరీ అక్కడే పారేసి పరిగెట్టినాడు."

"ఆ పరుగు చూసి జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. అదీ ఆటలో భాగమే అనుకున్నారు."

"నాకు నవ్వు రానేదు."

"సరే. అయిందేదో అయింది. ఇప్పుడు నీ ఒక్క మాటతో తేలిపోయేదాన్ని పట్టుకుని సాగదీయకు. మీ పెద్దలెవరూ ఆ హాల్లో లేరు. కర్ర డప్పు అంచుకి తగిలింది గానీ తోలు మీద పడలేదని చెప్పు. అంచుకి తగిలితే దెబ్బ కాదుగా?"

"కాదు."

"మరింకేం?"

"ఊరకే సెప్తే ఇనరు. జాకరమ్మ తల్లి రాయి మీద సెయ్యేసి సెప్పాల."

"వెయ్యి."

"మీరైతే ఏత్తారా, మీ దేవుడి మీద?"

"నాటకాలవాణ్ణి. రోజుకో దేవుడి మీద వేస్తాను. అసలు నీకు ఇష్టం లేదని చెప్పరాదూ? వాడి చోడి చేను నీ కిందికొచ్చింది. వాడి పెళ్ళాం కూడా నీ పాకలోకే వచ్చిందట. దారిలో విన్నానులే."

"అన్న పోతే వొదిన్ని తమ్ముడు సూసుకోవాల. మా కాడ పద్ధతి."

"బాగుంది పద్ధతి. కొట్టినవాడికే కూడూ గూడూ."

"ఆ మాటనకండి బాబూ."

"ఎందుకనకూడదు? నీకు చేదుగా ఉందా ఏమిటి?"

"అనకండి. అదిగో వొదినొత్తంది. దాని ముందర అనకండి."

"రావమ్మా బుద్రీ. నీ మొగుణ్ణి తెచ్చాను. మీ మరిది తీసుకోనంటున్నాడు."

"దండాలు బాబూ. గుంట సిక్కిపోనాదా?"

"లేదు, బాగానే ఉంది. నిద్రపోతోంది."

"ఆడు?"

"ఆడంటే? పేరు చెప్పలేవా?"

"సచ్చినోళ్ళ పేరు ఎత్తకూడదు బాబూ. ఆడికి ఎడం మోకాలు నొప్పి. బండిలో ముడుసుకుని కూకుంటే మరి లెగనేడు. కాలు సాపుకోమని సెప్పండి. నాను సెప్పకూడదు."

"విన్నావా సుక్రూ? చచ్చినవాడి మోకాలి గురించి అడుగుతోంది."

"ఇన్నాను."

"సుక్రూ, పొదలెనకనించి అంతా ఇన్నాను. ఈ బాబు సెప్పినట్టు సెప్పీ. అంచుకి తగిలిందని సెప్పీ."

"తల్లి మీద అబద్దమాడితే నా సెయ్యి పడిపోతాది వొదినా. మరి డప్పు పట్టనేను."

"పడిపోతే నాను కూడెడతాను. ఆడూ పెడతాడు. నువ్వు మంచోడివే, నిన్నేటీ అనను. నీ పాకలో ఉన్నన్నాళ్ళూ నన్ను పక్కకి రమ్మని ఒక్కపాలి కూడా అననేదు. అయినా నాకు ఆడే కావాల. కూడు తింటే ఆడే, పడుకుంటే ఆడే. ఈ నెల్లాళ్ళూ నాను బతికినట్టు నేదు."

"నాకు మాత్రం కావద్దా? నా సేతికి డప్పు కట్టినోడు ఆడు. కర్ర పట్టడం రాక నాను ఏడిస్తే, నా సెయ్యి తన సేతిలో ఎట్టుకుని కొట్టించినాడు. ఆ సేత్తోనే ఆడికి కొట్టినాను. ఊళ్ళోకి వచ్చినకాడినించి డప్పు ముట్టుకోనేదు వొదినా."

"అయితే సెప్పీ."

"సెప్తాను. పెద్దలు రాయి కాడే ఉన్నారు, బేగి పోదాం. సెయ్యి పోతే పోనీ."

"శభాష్. ఈ మాట గంట కిందట అంటే నాకు ఇంత ఎండ తప్పేది."

"ఒకటి అడుగుతాను బాబూ. మేం వచ్చీసినాక ఆట ఆపీసినారు గదా?"

"ఎందుకు?"

"ఆ ఒక్క దెబ్బకే నాను అబద్దమాడగలను. మరో దెబ్బ పడుంటే నా మాట పనికిరాదు."

"ఆపడమేమిటోయ్? హాల్లో నిలబడ్డానికి చోటు లేదు. పత్రికలో రాశారు. మీరు పారిపోయారని నాటకం కట్టేసుకుంటామా?"

"ఆడు మళ్ళీ పడుకున్నాడా?"

"లేదు. ఆ భయం నీకక్కర్లేదు. ఎంత తిట్టినా మళ్ళీ పడుకోలేదు మొండివాడు. మీరు లేరు గనక డప్పు వాడిచేతే కొట్టించాం."

"అమ్మయ్య. ఇన్నావా సుక్రూ, ఆడు పడుకోనేదట."

"ఉండు వొదినా. ఆకరి దెబ్బ ఏటి సేసినారు బాబూ?"

"అది లేకపోతే జనం ఊరుకుంటారా? కొట్టనని మొదట భీష్మించుకున్నాడు. అన్నం ఆపేశాం. తన అన్నం ఆపితే చలించలేదు, ఇద్దరికీ ఆపితే కొట్టాడు. కొడుతూ ఎంత ఏడ్చాడనుకున్నావు. ముందు వరసలో ఆడవాళ్ళంతా కళ్ళు తుడుచుకున్నారు. మా వేషగాళ్ళకి జన్మలో అలా ఏడవడం రాదు. మళ్ళీ మళ్ళీ వన్స్ మోర్."

"బాబూ, మరి పడుకున్నది ఎవులు?"

"మంగ్లే. బుద్ధిమంతురాలు బుద్రీ నీ కూతురు. కదలమంటే తప్ప కదల్లేదు, దెబ్బ పడ్డాక లేచి జనానికి ముద్దుగా దండం పెట్టింది. అదిగో, లేచినట్టుంది, నిన్నే పిలుస్తోంది. పలకవేం?"