దళారికి చూపించే శాంపిల్

మళ్లా రక్తమా? ఏమమ్మా ఇంద్రాణమ్మా, ఇది ల్యాబా, బోరు వేసే బండా? నాలో ఉండేదే ఇంత. వారానికి రెండుసార్లు ఆ డయాలసిస్ మిషన్ పీల్చి మళ్లా కక్కతాండాది. ఇంగ మీకు యాడనుంచి తెచ్చేది?

రిపోర్టు తప్పా? ఎట్ల తప్పమ్మా! పోయిన నెల వైరస్ ఉండాదంటిరి. హెపటైటిస్ సి అంటిరి. దాంట్లో మళ్లా రకాలంట, ఏ రకమో తెలిస్తేనే సూదులు ఎన్ని నెలలో తేలేదంట, అది నయమైనంకనే నా పెండ్లాం మారెక్క కిడ్నీ నాకు పెట్టేదంట. సరే అంటిమి. గురప్ప అని నా పేరు రాసి రక్తం బెంగుళూరుకు పంపితిరి. ఏమొచ్చె? వైరస్సే లేదని వచ్చె!

ఆ సంతోషానికి మా ఊరు ముదిగుబ్బలో పొట్టేలు కోసినాం గదమ్మా. ఊరంతా తినిపోయినారు. ఇప్పుడు తప్పంటే ఆ పొట్టేలు తిరిగొస్తాదా?

ఏందీ, గ్రూపు కూడా కలవలేదా? డయాలసిస్ కాగితంలో ఓ, బెంగుళూరుకు పంపిన రక్తంలో బీ నా? ఈ కరువులో మనుషులే మారిపోతాండారు, గ్రూపు మారదా?

సరే సరే, అరవొద్దు. ఆ తలుపు దగ్గరికెయ్యి.

అది నా రక్తం గాదు. మా బామ్మర్ది బయ్యన్నది. మీరు రాసిచ్చిన చీటీ వాని చేతికిచ్చి నా బదులు పంపితి. గొర్రెలు మేపే మనిషి, పూటకు మూడు సంగటి ముద్దలు తింటాడు. వాని రక్తం ఎంత ఎర్రగుండాదో నువ్వే చూసింటావు.

నవ్వుతావేందమ్మా? శాంపిల్ అడిగింది మీరే గదా! శెనక్కాయ అమ్మేకి పోతే దళారికి ఏం చూపిస్తాం? పుచ్చినవి ఏరి చూపిస్తామా? గింజ నిండుగా ఉండేటివే గదా గుప్పెడు తీసిస్తాం!

ఏమంటివి? ఆ కాగితం నమ్మి కిడ్నీ పెట్టింటే... మారెక్కది కూడా చెడిపోయేదా? నా పానానికే ముప్పా?

అయ్యో. ఆ పిచ్చిది ఒక్క మాట ఎదురు చెప్పకుండా ఇస్తాననింది.

నిజం చెప్తా ఇనమ్మా. ఇందాక చెప్పిన ఆ దళారి మాట ఉత్తిదే. మూడేండ్లాయ, నా పేరు మింద వచ్చిన కాగితం ఒక్కటన్నా బాగుండాదా? ఒక్కసారన్నా గురప్ప బాగుండాడు అని రాసింది చూడల్లనిపించింది. మారెక్క ఆ కాగితం పట్టుకోని ఇల్లిల్లూ తిరిగె. చదువు రాదు, తలకిందులు పట్టుకోని చూపిచ్చె. ఆ నాలుగు దినాలు నాకు రోగం ఉండాదనే యాదికి రాలేదు.

ఇంద, చెయ్యి పట్టు. ఈసారి పుచ్చిందే తీస్కో.