ఉత్తరం పార్కూ, దక్షిణం పార్కూ, ఎర్నెస్టీన్ గారూ

సభకు అధ్యక్షత వహిస్తున్న మా కవర్ల ఫ్యాక్టరీ యజమాని హాల్‌గ్రెన్ గారికీ, ఆయన పక్కన పూలగుత్తి వెనక సగమే కనిపిస్తున్న ఇవాళ పదవీ విరమణ చేస్తున్న మన గౌరవ అతిథి శ్రీమతి ఎర్నెస్టీన్ ప్రూయిట్ గారికీ, ఇదివరకే విరమణ చేసి ఈ పూట భోజనానికని వచ్చిన పెద్దలకూ, కత్తిరింపు విభాగం మిత్రులకూ, జిగురు విభాగం సోదరీమణులకూ, కేకు కోసేదాకా గడియారం చూసుకుంటూ కూర్చునే ఆఫీసు వాళ్ళకూ, సరుకు పంపే విభాగంలో పనిచేసే లెస్టర్ డ్వోరాక్ అనే నేను వినయంగా నమస్కరిస్తున్నాను.

హాల్‌గ్రెన్ గారు నన్ను పొద్దున గదిలోకి పిలిచి, “లెస్టర్, అయిదు నిమిషాలు మాట్లాడు. బేస్‌బాల్ ఊసు మాత్రం ఎత్తకు” అన్నారు. అయ్యా, ఆ ఊసు తీసేస్తే ఎర్నెస్టీన్ గారి గురించి నా దగ్గర మిగిలేది ఆవిడ పేరొక్కటే. అది మీరు ఇంతకుముందే చెప్పేశారు. కాబట్టి నన్ను మన్నించాలి. (నవ్వులు)

ముప్ఫై ఒక్క ఏళ్ళ కిందట నేను ఈ ఫ్యాక్టరీలో చేరిన రోజు, మధ్యాహ్నం భోజనాల గదిలో ఖాళీగా ఉన్నది ఒకే ఒక్క కుర్చీ. దానికి ఎదురుగా తనిఖీ విభాగం ఎర్నెస్టీన్ గారు కూర్చుని ఉన్నారు. ఆ కుర్చీ ఎందుకు ఖాళీగా ఉందో అడగాలన్న తెలివి అప్పటికి నాకు లేదు. నా తల మీద కబ్స్ టోపీ ఉంది. ఆవిడ దాన్ని కాసేపు చూసి, “ఈ టోపీ నీదేనా, ఎక్కడైనా దొరికిందా?” అన్నారు. నాదేనన్నాను. “పోన్లే, బాధపడకు. కూర్చో” అన్నారు. అలా కూర్చున్నవాణ్ణి ఇవాళ్టిదాకా లేవలేదు.

ఈ షికాగోలో పుట్టిన వాళ్ళకు నేను చెప్పేదేముంది. ఆవిడ దక్షిణం వైపు మనిషి, వైట్ సాక్స్ టీమ్. నేను ఉత్తరం వైపు మనిషిని, కబ్స్ టీమ్. ఎవరి టీమ్ గొప్పది అన్న గొడవ మాకు మొదటి రెండేళ్ళలోనే తీరిపోయింది, ఎందుకంటే రెండు టీములూ ఓడిపోతూనే ఉండేవి. ఆ తర్వాత గొడవంతా ఆ టీములు ఆడే పార్కుల మీదకు మళ్ళింది. “మీ పార్కులో గోడకు తీగలు పాకించుకున్నారు. బంతి వెళ్ళి ఆకుల్లో ఇరుక్కుంటే పెద్ద పెద్ద మగాళ్ళు దులుపుకుంటూ వెతుక్కోవాలి. అది ఆటస్థలమా, పెరడా?” అనేవారు ఆవిడ. “మీ పార్కు చూస్తే విమానం ఏ గేటు దగ్గర ఆగుతుందో అడగాలనిపిస్తుంది” అనేవాణ్ణి నేను. “ఎక్కడ కూర్చున్నా ఆట కనపడుతుంది, మరుగుదొడ్లు శుభ్రంగా ఉంటాయి. నీకు ఇంకో ఇరవై ఏళ్ళు పోతే ఆ రెండో దాని విలువ తెలుస్తుంది” అనేవారు. తెలిసిందమ్మా. (నవ్వులు) మా బల్ల చివర కూర్చునే మరమ్మతుల సల్దీవర్ చెవుల్లో దూది పెట్టుకుని తినేవాడు. ఆ దూది యంత్రాల చప్పుడు కోసమని కంపెనీ ఇచ్చింది. యంత్రాల దగ్గర అతను ఏనాడూ వాడలేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఎనిమిదేళ్ళ కిందటి మాట. హాల్‌గ్రెన్ గారు, ఏటా వేసవిలో మనల్ని చెరువు ఒడ్డుకు తీసుకెళ్ళి దోమలకు అప్పగించే ఆనవాయితీ మానేసి, ఈసారి అందరినీ ఆటకు తీసుకెళ్తానన్నారు. ఏ పార్కుకు అని చీటీలు వేయించారు. ఉన్నది ఎనభై నాలుగు మందిమి. అటు నలభై రెండు, ఇటు నలభై రెండు. మూడుసార్లు లెక్కపెట్టినా అంతే. అప్పుడు ఆయన చేసిన తప్పు ఒక్కటే, “నాకు రెండూ ఒకటే, నేను హాకీ చూస్తాను” అనడం. అప్పటిదాకా ఒకళ్ళ మీద ఒకళ్ళకున్న కోపం కాస్తా ఆయన మీదకు తిరిగింది. జిగురు విభాగంలో పక్కపక్కనే నిలబడే అక్కచెల్లెళ్ళు ఇద్దరు మాటలు మానేశారు. కవర్లు తలకిందులుగా అంటుకుని బయటికొచ్చాయి. దాంతో ఆయన నన్నూ ఆవిడనూ పిలిచి, “ఈ రోగం మీ బల్ల దగ్గర పుట్టింది. నెలాఖరులోగా ఇద్దరూ ఒకే మాట మీదకు రండి. రాకపోతే ఆటా లేదు, పాటా లేదు. మనిషికో డబ్బా పంది మాంసం ఇచ్చి ఊరుకుంటా” అన్నారు. ఆ డబ్బా అంతకుముందు క్రిస్మస్‌కు అందరం రుచి చూసిందే. ఫ్యాక్టరీ మొత్తానికి వణుకు పుట్టింది.

గదిలోంచి బయటికి రాగానే ఎర్నెస్టీన్ గారు, “చూడు డ్వోరాక్, నువ్వు మా పార్కు గడప తొక్కలేదు, నేను మీది తొక్కలేదు. తొక్కకుండానే ఇన్నేళ్ళు తిట్టుకున్నాం. నువ్వోసారి రా, నేనోసారి వస్తా. తొమ్మిది ఇన్నింగ్స్ ఒక్క చెడ్డ మాట అనకుండా చూద్దాం. ఆ తర్వాత నిజం చెప్పుకుందాం” అన్నారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే మా ఆవిడ లొరెయిన్ పోయింది. తొమ్మిది రోజుల తర్వాత నేను పనిలోకి వస్తే, మీరంతా ఎంతో మంచిగా ఉన్నారు. నన్ను చూసి గొంతు తగ్గించేవారు, నా బల్ల మీద వండిన గిన్నెలు పెట్టి చప్పుడు కాకుండా వెళ్ళిపోయేవారు. నేను ఎవరి ఇంట్లోనో అతిథిగా ఉన్నట్టు ఉండేది. భోజనాల వేళ ఎదుటి కుర్చీలోంచి ఎర్నెస్టీన్ గారు, “నువ్వు లేని తొమ్మిది రోజుల్లో మీ వాళ్ళు ఏడు ఆటలు ఓడారు. నువ్వు వచ్చేదాకా దాచిపెట్టా. ఒక్కొక్కటే చెప్తా, తింటూ విను” అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంటలో రొట్టె మొత్తం తినేశాను. నేను అంతకుముందు కడుపు నిండా ఎప్పుడు తిన్నానో నాకే గుర్తు లేదు.

సరే, జులైలో ఒక ఆదివారం మధ్యాహ్నం వాళ్ళ పార్కుకు వెళ్ళాం. ఆవిడ తన వరసలోకి వెళ్ళి కూర్చోకుండా నిలబడి, “అందరూ ఒక్క నిమిషం వినండి. ఈయన కబ్స్ మనిషి. మొదటిసారి వచ్చాడు. మర్యాదగా చూడండి” అని ప్రకటించారు. చుట్టుపక్కల నాలుగు వరసల కళ్ళూ నా మీద పడ్డాయి. ముందు వరసలో ఉన్న ఒక పెద్దావిడ వెనక్కి తిరిగి, “ఎన్నాళ్ళ నుంచీ నాయనా?” అన్నారు. “పుట్టినప్పటి నుంచీ అండి.” “ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?” “మా నాన్నకుండేది.” “అయ్యో పాపం. అయితే నీ చేతుల్లో ఏముందిలే” అన్నారు. వెనక నుంచి ఒక భారీ మనిషి వేయించిన ఉల్లిపాయలు కుప్పగా వేసిన సాసేజ్ రొట్టె అందించి, “తిను బాబాయ్. అక్కడ తిండి కూడా సరిగ్గా పెట్టరట కదా” అన్నాడు.

నాలుగో ఇన్నింగ్స్‌లో వాళ్ళవాడు బంతిని జనంలోకి కొట్టాడు. అలా కొట్టినప్పుడల్లా వాళ్ళ స్కోరు బోర్డు బాణసంచాలా పేలుతుందని నేను విన్నాను కానీ, నిజంగా పేలుతుందనుకోలేదు. ఆకాశంలో తారాజువ్వలు లేచేసరికి నేను కుర్చీ కింద ఉన్నాను. ఉల్లిపాయలు నా చొక్కా మీద ఉన్నాయి. మిగతా సాసేజ్ ఎక్కడుందో ఈ రోజుకీ తెలియదు. చెడ్డ మాట అనకూడదన్న నియమం ఉంది కదా, ఎర్నెస్టీన్ గారు నవ్వు బయటికి రాకుండా పెదవులు బిగించి కూర్చున్నారు, కళ్ళ నుంచి మాత్రం ధారలు కారుతున్నాయి. ముందు వరస పెద్దావిడ వంగి కుర్చీ కిందకు చూసి, “మీ దగ్గర ఇలాంటివి ఉండవా నాయనా? అవునులే, అవసరం పడదు కదా” అన్నారు. నేను కింద కూర్చునే నవ్వడం మొదలుపెట్టాను. ఆపుకోలేకపోయాను. ఏప్రిల్ తర్వాత అదే మొదటిసారి.

తర్వాతి శనివారం మా పార్కుకు తీసుకెళ్ళాను. టికెట్లు నేనే తెచ్చాను, కాబట్టి ఆవిడ సీటు సరిగ్గా ఇనప స్తంభం వెనక పడటం నా తప్పే, కావాలని చేసింది కాదు, సల్దీవర్ ఏం చెప్పినా నమ్మకండి. బంతి వేసేవాడు కనపడడు, కొట్టేవాడు కనపడడు. సీటు మార్చుకుందామంటే, “వద్దు, నాకొచ్చింది నాకు ఇష్టమే” అన్నారు. రెండు ఇన్నింగ్స్ ఆ స్తంభాన్నే చూశారు. మూడో ఇన్నింగ్స్‌లో, “స్తంభం బాగుంది. రంగు కొత్తగా వేసినట్టున్నారు” అన్నారు. అయిదో ఇన్నింగ్స్‌లో, “స్తంభం చాలా నిలకడగా ఆడుతోంది. మీ వాళ్ళలో ఇంతసేపూ ఒక్క తప్పు చెయ్యనిది ఇదొక్కటే” అన్నారు. “ఇది చెడ్డ మాట కిందికి వస్తుంది” అన్నాను. “నేను స్తంభాన్ని పొగిడాను. నువ్వు మిగతావాళ్ళ గురించి ఏమనుకున్నావో నాకేం తెలుసు” అన్నారు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో మా వాళ్ళు రెండు పరుగులు చేసి ముందుకొచ్చారు. పార్కు మొత్తం లేచి అరుస్తుంటే, చూద్దును కదా, ఆవిడ కళ్ళు మూసుకుని కూర్చున్నారు. నిద్రపోతున్నారనుకున్నాను. నిజం చెప్పొద్దూ, మనసు చివుక్కుమంది.

సోమవారం ఇద్దరం హాల్‌గ్రెన్ గారి ముందు నిలబడ్డాం. నేను, “దక్షిణం పార్కుకు వెళ్దామండి” అన్నాను. నా నోట్లో మాట నోట్లో ఉండగానే ఆవిడ, “ఉత్తరం పార్కుకు వెళ్దాం సార్” అన్నారు. ఒకళ్ళ ముఖం ఒకళ్ళం చూసుకున్నాం. “నీకేమైనా పిచ్చా? ఆటంతా స్తంభం వెనకే కదా జరిగింది” అన్నాను. “నీకా మాట ఎందుకు? అక్కడ కూర్చున్నది నేను” అన్నారు. “మీ పార్కులో మనుషులెంత మంచివాళ్ళు.” “మీ పార్కులో గాలెంత బాగుంది.” “మీ మరుగుదొడ్లు.” “మీ తీగలు.” హాల్‌గ్రెన్ గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, “ఎర్నెస్టీన్, నువ్వు ఆ పార్కును నా ముందే ఎన్నిసార్లు తిట్టావు. ఇప్పుడేమైంది?” అని అడిగారు.

అప్పుడు చెప్పారు. వాళ్ళ నాన్న మా పార్కుకు రెండు వీధుల అవతల ఒక హోటల్లో పదకొండేళ్ళు గిన్నెలు కడిగాడట. వంటింటి వెనక కిటికీలోంచి జనం అరుపు వినపడేది. ఆ అరుపును బట్టి ఎవరు అవుటయ్యారో, ఎవరు పరుగెత్తారో తనే అల్లుకుని, ఇంటికొచ్చి కూతురికి ఆట మొత్తం చెప్పేవాడట. లోపలికి ఒక్కసారీ వెళ్ళలేదు, ఆట ఉన్న రోజునే గిన్నెలెక్కువ. సెలవు దొరికిన ఆదివారం కూతుర్ని భుజాల మీద ఎక్కించుకుని దక్షిణం పార్కుకు తీసుకెళ్ళేవాడు. “నాకు మీ టీమ్ మీద కోపం కాదు డ్వోరాక్, ఆ గోడ మీద కోపం. మొన్న కళ్ళు తెరిస్తే స్తంభం కనపడింది. మూసుకుంటే మా నాన్న చెప్పిన ఆట కనపడింది. ఆయన విన్న అరుపు అదే. ఒక్క ముక్క తప్పు చెప్పలేదు ఆయన” అన్నారు.

నేనూ నా సంగతి చెప్పాను, ఏప్రిల్ తర్వాత మొదటిసారి నవ్వింది వాళ్ళ పార్కులో ఆ కుర్చీ కిందేనని. అంత మంచి క్షణం తర్వాత ఎవరో ఒకరు తగ్గాలి కదా. ఇద్దరం తగ్గలేదు. మళ్ళీ మొదలుపెట్టాం. హాల్‌గ్రెన్ గారు లేచి, “బయటికి నడవండి ఇద్దరూ. అందరం మిల్వాకీ వెళ్తున్నాం” అన్నారు.

ఆ మిల్వాకీ యాత్ర మీకందరికీ గుర్తుండే ఉంటుంది. రెండు బస్సులు, రాష్ట్రం దాటి ప్రయాణం. అక్కడి బేస్‌బాల్ పార్కుకు పైకప్పు. బయట బంగారం లాంటి ఎండ, లోపల మనం కప్పు కింద. ఆట మధ్యలో సాసేజ్ వేషాలు వేసుకున్న మనుషుల పరుగు పందెం. ఎనభై నాలుగు మందిమీ ఒకే గొంతుతో సణిగాం. ఎర్నెస్టీన్ గారు అక్కడ సీట్లు చూపించే పెద్దాయన్ని పిలిచి, “ఏమండీ, ఈ కప్పు దేనికి?” అన్నారు. “వానొస్తే తడవకుండా అండి.” “తడిస్తే ఏమవుతుంది?” ఆయన తలెత్తి కప్పును చూసి, తల గోక్కున్నాడు. నేను పక్కనుంచి, “అదీ” అన్నాను. ఆవిడ నా వైపు, నేను ఆవిడ వైపు. ఒకే మాట మీద ఉండటం అలవాటు లేక, ఆ తర్వాత ఏం మాట్లాడుకోవాలో ఇద్దరికీ తెలియలేదు. జిగురు విభాగం అక్కచెల్లెళ్ళు ఆ కప్పును తిట్టుకుంటూనే కలిసిపోయారు. మరుసటి ఏటి నుంచి ఒక ఏడు ఆ పార్కు, ఒక ఏడు ఈ పార్కు. ఈ ఉపాయం సల్దీవర్ మొదటిరోజే చెప్పాడట, ఎవరూ వినలేదట. ఇప్పుడు కూడా అదే అరుస్తున్నాడు. వినపడుతోంది సల్దీవర్, కూర్చో. (నవ్వులు)

ఎర్నెస్టీన్ గారు వచ్చే వారం వాళ్ళ చెల్లెలి దగ్గర ఉండటానికి సెయింట్ లూయిస్ వెళ్తున్నారు. ఊళ్ళన్నీ అయిపోయినట్టు సెయింట్ లూయిస్. అక్కడి టీమ్ పేరు నా ఇంట్లో ఎవరూ పలకరు. ఆ మాటే అంటే, “వాళ్ళతో వైరం మీకు, నాకేం?” అన్నారు. చివరికి వెళ్తూ వెళ్తూ కూడా నన్ను గెలిచే వెళ్తున్నారు. రెండో వరసలో కూర్చున్న చెల్లెలు గారూ, మీ మీద నాకు కోపం లేదు. ఆవిడతో భోజనానికి కూర్చునేటప్పుడు టోపీ ఏదైనా సరే పెట్టుకోండి. లేకపోతే ఆవిడకు తిన్నది అరగదు.

ఓపిగ్గా విన్న మీ అందరికీ, అయిదు నిమిషాలని చెప్పి ఇంతసేపూ నన్ను ఆపని హాల్‌గ్రెన్ గారికీ కృతజ్ఞతలు. ఎర్నెస్టీన్ గారికి మాత్రం, ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఒక్కసారీ అనని మాట ఒకటి ఉంది. ఎర్నెస్టీన్, నువ్వు ఎదురుగా లేకపోతే ఆ ఏడాది నేను నిలబడేవాణ్ణి కాదు.

(ఎర్నెస్టీన్ గారు తన కుర్చీలోంచి: “గట్టిగా చెప్పు డ్వోరాక్, నాకు వినపడలేదు.”)

వినపడింది ఆవిడకు. సెలవు.