డెమోకి వాడిన ఫైళ్లు

కస్టమ్స్ ఆఫీసులో కొత్తగా చేరిన అధికారిణి ఎదుట, నోటీసు అందుకున్న దిగుమతి వ్యాపారి ఒళ్లో సంచి పెట్టుకుని కూర్చున్నాడు.

“ఐదేళ్ల కాగితాలు తెమ్మంటే ఇంత పల్చటి సంచి తెచ్చారేంటండీ?”

“బీరువా తీసి చూస్తే మిగిలిందింతే మేడం.”

“చెదలు పట్టాయా?”

“చెదలైతే వాటినే తిట్టుకునేవాణ్ణి. ఆ చెదపురుగుని నేనే.”

“నవ్వులాట కాదు. కాగితాలు చూపించకపోతే రేవులో ఉన్న మీ సరుకు వదలం, లైసెన్సు కూడా ఆపేస్తాం. ఇంతకీ మీరు తెప్పించేదేంటి?”

“కాగితాలు ముక్కలు చేసే మిషన్లు మేడం.”

“ఓహో!”

“కొనేవాళ్లకి నడిపి చూపించాలి కదా. తెల్ల కాగితాలు దండగెందుకని పాత ఫైళ్లు వాడాను. ఎంత పొదుపరినో చూడమని మా ఆవిడ దగ్గర గొప్పలు కూడా పోయాను.”

“ఇదంతా నిజమని సాక్ష్యమేంటి?”

“మొదటి డెమో ఇచ్చింది ఈ గదిలోనే మేడం. మీకు ముందున్న సారు మా దిగుమతి కాగితాలు స్వయంగా ఒక్కొక్కటీ అందించారు. భలే ఉందయ్యా అని అప్పటికప్పుడే ఆర్డరిచ్చారు.”

అధికారిణి మూలనున్న మిషన్ వైపు చూసింది.

“పోనీ, ఆ ముక్కలైనా అతికించి పట్టుకురండి.”

“కుదరదు మేడం. ఏ ముక్కా మళ్లీ అతకదని మీ ఆఫీసుకి గ్యారంటీ రాసిచ్చాను. నా దగ్గర భద్రంగా ఉన్న కాగితం అదొక్కటే. తెచ్చాను, చూస్తారా?”