ఆదెమ్మ చేతుల రోత

ఆదెమ్మని ఒక మంత్రసాని ఉండేదంట. మా ఎగువ పక్క ఊళ్ళు నాలుగిటికీ ఆమే దిక్కు. బిడ్డ అడ్డం తిరిగినా, కాళ్ళు ముందొచ్చినా, ఆమె చెయ్యి పడితే దోవకొచ్చేదంట. అట్టాంటి మనిషి అన్నం ఎట్టా తినేదో తెలుసా? చేత్తో కాదు. మోదుగాకు మడిచి, దాంతో ఎత్తుకొని నోట్లో ఏసుకునేది. ఎందుకే అంటే, "నా చేతులంటే నాకే రోత" అనేదంట. ఈ రాసుకునే బాబు ఇందాక అడిగాడు గదా, రోతంటే ఏందని. మురుగ్గుంట చూస్తే మొకం తిప్పుకుంటాం, అది రోత. అది లోకంలో ఉండేదే, దాంట్లో తప్పేం లేదు. నీ ఒంటిని చూసుకొని నువ్వే మొకం తిప్పుకున్నావనుకో, అది మాత్రం నీలో పుట్టింది కాదు, ఎవరో తెచ్చి పెట్టిందే. పసిబిడ్డ ఏదన్నా తన చెయ్యి చూసుకొని థూ అంటదా? గుప్పిట నోట్లో పెట్టుకొని చప్పరిస్తది. నాకైతే ఈ కత చెప్పినప్పుడల్లా ఒళ్ళు మండిద్ది.

సరే, ఎవరు పెట్టారో చెప్తా వినండి. ఆమె ఉండే ఊళ్ళోనే మునసబు ఇల్లుంది. ఆయన పెళ్ళాం రాఘవమ్మ. ఆ ఇంట్లో కాన్పొస్తే ఆదెమ్మకి కబురొచ్చేది, చేతిలో పని అక్కడే పడేసి పరిగెత్తుకొని పోవాల. పోయేది దొడ్డిదారి, వచ్చేదీ దొడ్డిదారే. బిడ్డని తీసి, బొడ్డు కోసి, నీళ్ళు పోసి, తల్లి పక్కలో పెట్టి ఇట్టా బయటికొచ్చిందో లేదో, ఎనకాలే చెంబుతో పసుపునీళ్ళు. ఆమె అడుగు పడ్డ చోటల్లా చల్లుకుంటా వచ్చేవాళ్ళంట. ఆమె చూస్తానే పోయేది. ఇంక పదకొండో రోజున పురుడు తీరుద్ది గదా. మామిడి రెమ్మతో ఇంటి నిండా పసుపునీళ్ళు చల్లుతారు, తల్లి మీద, బిడ్డ మీద, మంచంకోళ్ళ మీద, ఆఖరికి కొట్టంలో గొడ్ల మీద కూడా. అందరికీ మైల పోయిద్ది. ఆదెమ్మ మీద మాత్రం ఎవరూ ఒక్క చుక్క చల్లలా. ఆమెకి చేటలో బియ్యం, ఒక పాత కోక దొడ్డిగోడ మీద పెడితే, తీసుకొని పోవటమే.

ఏమైందంటే, ఒకసారి ఆమె గోడ అవతల నిలబడి నోరు తెరిచి అడిగిందంట. "అమ్మా, అందరికీ పురుడు తీరింది గదా, మరి నాకెప్పుడు తీరుద్దమ్మా?" అని. రాఘవమ్మ పకపకా నవ్వి, "నీకు తీరేదేందే పిచ్చిదానా! ఒకటి తీరేలోపు ఇంకోటి అంటుకుంటది గదా నీకు. ఆ చేతులకి ఎన్ని ఇళ్ళ మైలుందో నీకే తెలవదు" అన్నదంట. ఆ మాట ఆదెమ్మ నమ్మింది. అదీ ఆమె చేసిన తప్పు. ఆ పొద్దు ఇంటికొచ్చి చౌడుమట్టీ ఇసకా ఏసి చేతులు రుద్దింది. తోలు లేచిపోయినా రుద్దింది. రుద్దే కొద్దీ ఇంకా ఉందనే అనిపించిందంట. అప్పట్నించే మోదుగాకు. పిలిచినోళ్ళ కాన్పులకి పోవటం మానలా గానీ, పొరుగు పిల్లల్ని ఎత్తుకోవటం మానేసింది. అన్న మనిషి నవ్వి మరిచిపోయింది. విన్న మనిషి పదేళ్ళు మోసింది.

ఆమెకి ఒక్కతే కూతురు, అంకాలు. తొలికాన్పుకి పుట్టింటికొచ్చింది. అందరూ ఏమనుకుంటారు? తల్లే మంత్రసాని, ఇంకేం భయం అనుకుంటారు. ఆదెమ్మేమో, "నేను ముట్టుకోను, వాగవతల నాంచారి వచ్చి చూస్తది" అని ముందే మాట్లాడి పెట్టుకుందంట. నొప్పులు మొదలైన పొద్దున్నే వాన. వాగు పొంగింది. నాంచారి ఆ గట్టున, వీళ్ళు ఈ గట్టున. మద్దేనానికి అంకాలుకి ప్రాణం మీదకొచ్చింది, బిడ్డ కాళ్ళు ముందొచ్చినయ్యి. పొరుగింటి ముసలామె పక్కన కూసోనుంది గానీ, ఆమెకి ఈ పని తెలవదు. మన ఆదెమ్మేమో గడప బయట, వానలో, చేతులు రెండూ ఎనక్కి పెట్టుకొని నిలబడి, "అట్టా పట్టు, ఇట్టా తిప్పు" అని చెప్తందంట! ఏమమ్మా, మీకు కోపం రావట్లేదా? అంకాలుకి వచ్చింది. అంత నొప్పిలోనూ మోచేతుల మీద లేచి అరిచిందంట. "ఏమ్మా! మునసబు ఇంట్లో బిడ్డల్ని తియ్యటానికి పనికొచ్చిన చేతులు, నన్ను ముట్టుకోటానికి పనికిరావా? నన్ను పెంచింది ఏ చేతులే? నువ్వు కలిపిపెట్టిన ముద్దలే గదా నేను తిన్నది. అవి రోతయితే నేనూ రోతే. నన్నూ నా బిడ్డనీ తీసకపోయి ఆ వాగులో పారెయ్యి, పీడా పోయిద్ది!"

ఆ మాటకి ఆదెమ్మ గడప దాటింది. ఎప్పుడు దాటిందో ఆమెకే తెలవదంట. చెయ్యేసింది. ఆ చేతికి పని తెలుసు, దానికి రోతా గీతా తెలవదు. మెల్లంగా నడుము, తర్వాత ఒక భుజం, ఇంకో భుజం, ఆఖర్న తల. ఆడపిల్ల. ఏడవలా. వీపు మీద రెండు తట్లు తట్టింది, ఊహూ. మూడోసారి తడితే కెవ్వుమన్నదంట.

పదకొండో రోజొచ్చింది. అంకాలు తలకి పోసుకొని, మామిడి రెమ్మ పసుపునీళ్ళలో ముంచి, బిడ్డ మీద కాదు, ఇంటి మీద కాదు, ముందు తల్లి మీద చల్లింది. చేతులు చాపమని, మిగిలిన నీళ్ళన్నీ ఆ చేతుల మీదే కుమ్మరించింది. "నీ పురుడు తీరింది పో. మళ్ళీ ఆ మాటన్నావంటే నేను నీ కూతుర్ని కాను" అన్నదంట. ఆదెమ్మ గుడ్లప్పగించి చేతుల వంక చూసుకుంటా కూసుందంట చానాసేపు.

నెల తిరక్కముందే మునసబు కోడలికి నొప్పులు. కబురొచ్చింది. పోయిందా అంటే పోయింది, ఆడకూతురు నొప్పులు పడతంటే పోకుండా ఎట్టా ఉంటది? పోయింది గానీ వీధి వాకిట్లోంచి పోయింది. రాఘవమ్మ "దొడ్డిదారిన రావే!" అని అరిస్తే, "మీ కోడలు లోపల చచ్చిపోతా ఉంటే దారి మాటేందమ్మా" అని లోపలికి పోయిందంట. మగపిల్లోడు పుట్టాడు. బయటికొస్తంటే ఎనకాలే చెంబు. ఈసారి మునసబు కొడుకే, ఆ బిడ్డ తండ్రే పట్టుకొచ్చాడు. ఆదెమ్మ ఎనక్కి తిరిగి, "ఆగయ్యా. నా అడుగుల మీద పోస్తే ఏం సరిపోద్ది? నా చెయ్యి నీ బిడ్డ మీద పడింది, బిడ్డ మీద పొయ్యి. నీ పెళ్ళాం మీద పడింది, ఆమె మీద పొయ్యి. నువ్వు పుట్టినప్పుడు నీ ఒంటి మీద మొదట పడ్డ చెయ్యి ఇదే, మీ అమ్మ చెయ్యి కూడా తర్వాతే. నీ నెత్తినా కుమ్మరించుకో. మీ ఇంటిల్లిపాదికీ పోసినాక ఇంకా మిగిల్తే, అప్పుడు చల్లు నా అడుగుల మీద" అన్నదంట. వాడు చెంబు పట్టుకొని అట్టానే నిలబడ్డాడు.

ఇంక అప్పట్నించి చల్లలేదా అంటారా? చల్లారు. ఆమె సందు మలుపు తిరిగినాక చల్లుకున్నారంట, వాళ్ళ బుద్ధి యాడికి పోద్ది? ఆదెమ్మ మాత్రం ఆ పొద్దు ఇంటికొచ్చి, మోదుగాకుల కట్ట తీసి పొయ్యిలో పెట్టి, మనవరాలిని ఒళ్ళో ఏసుకొని, పచ్చడి మెతుకులు చేత్తో కలుపుకొని, వేళ్ళు నాక్కుంటా తిన్నదంట. అదీ కత. అరిచి అరిచి నా నోరు ఎండిపోయింది. బాబూ, ఆ రాసేది పక్కన పెట్టి కాసిని మంచినీళ్ళియ్యి. ఇదిగో, పైనుంచి ఎత్తి నా దోసిట్లో పోస్తావేంది? ఇంతసేపూ ఏం విన్నావు నువ్వు? చెంబు నా చేతికియ్యి.