నర్సయ్య ప్లేట్లు

"అవ్వా, మొన్న గల్లీల దావత్‌ల తింటుంటే ప్లేటు నడిమిట్ల తాత పేరు కనవడ్డది. గదెందుకున్నది? చెప్పు, ఫోన్ల రికార్డు పెట్టిన."

పెట్టినవా? జర ఆగు, ఫ్యాన్ సప్పుడు అడ్డమొస్తదేమో... వద్దులే, బందు చెయ్యకు. ఈ ఉడుకకు ఫ్యాన్ లేకుంటే నాకు మాటనే రాదు. మా కాలంల పాలమూరుల ఎండలు లేకుండెనా అంటే, ఉండె. కని పొద్దుగూకితే సల్లవడేది. ఇప్పుడు గోడలు తెల్లారేదాక సెగ కక్కుతనే ఉంటయి. సరే, గది ఇడిసిపెట్టు, ప్లేట్ల ముచ్చట గదా.

నువ్వు గప్పుడు మక్తల్‌ల మీ అమ్మ కాడ చిన్నగుంటివి, నీకెరుక లేదు. మీ తాతకు బస్టాండు కాడ చాయ్ హోటలుండె. అర్ధరూపాయికి చాయ్... కాదు కాదు, అర్ధరూపాయి మా నాయిన కాలంల, తాత అమ్మింది రూపాయికి. కాగితం కప్పులు వచ్చినంక అందరు అవే పెట్టిండ్రు, ఈయన పెట్టలే. "తాగి పారేసే దాంట్ల పోస్తే చాయ్‌కి ఇజ్జత్ ఏముంటదే?" అనేటోడు. గాజు గిలాసలు కడిగి కడిగి నా చేతులు పాసిపోయేటియి, ఆయనకేంది.

మన గల్లీ పల్లంల ఉన్నదా, ఊరి నీళ్లన్ని మన మోరికే వస్తయి. ఎవలింట్ల దావతయినా తిన్న థర్మాకోల్ ప్లేట్లు, తాగిన గిలాసలు తీస్కపోయి మోరిల గుమ్మరించుడే. మా అవ్వ మోదుగాకు ఇస్తర్లు కుడుతుండె, అవి పారేస్తే బర్రెలు తినేటియి. ఇవి ఏ బర్రె తింటది? వాన గూడ ఎనకటి తీరు లేదు బిడ్డా. నెలంత మొగులు దిక్కు సూపిస్తది, వచ్చిందంటే నెల వాన ఒక్కపూటనే పోస్తది.

తాతకు పక్షవాతమొచ్చి మంచంల ఉన్న యాడాది. ఎనక గల్లీల పెండ్లయింది, తెల్లారి వాన. మోరి నిండి నీళ్లు ఇంట్లకే వచ్చినయి. నేను, మీ మామ కలిసి మంచం కింద ఇటుకలు పెట్టి మనిషిని పైకెత్తినం. సూస్తే ఏముంది, నీళ్ల మీద తెల్ల ప్లేట్లు తేల్కుంట మంచం సుట్టు తిరుగుతున్నయి. వాటికి బగారన్నం మెతుకులు అంటుకొని ఉన్నయి. తాతకు మాట సక్కగ రాదు. మంచి చెయ్యి లేపి, తియ్యి తియ్యి అన్నట్టు చూపెట్టిండు. చలికాలంల పోయిండు. నీళ్లతోనే పోయిండని అనను, రోగం ఉండె. కని గా దినం నేను మర్వలే, నాకిప్పటికి ఏడుపొస్తది.

తర్వాత మున్సిపాలిటోళ్లు వచ్చి మొక్కలు పంచిండ్రు. సగం మేకలు తిన్నయనుకో. మా మహిళా సంఘం లీడరు పద్మ ఉన్నది గదా, ఆమె అన్నది, "స్టీలు బ్యాంకు పెడదాం అక్కా. మనమే ప్లేట్లు, గిలాసలు కొనిపెడదాం. ఎవలింట్ల దావతయితే వాళ్లు తీస్కపోయి తోమి తెచ్చియ్యాలె, ఇగ మోరిల పారేసుడు బందు." మంచిగనే ఉన్నది. హోటల్ సామాను అమ్మిన పైసలు పెట్టి వంద ప్లేట్లు నేనిస్తనన్న.

మనం స్టీలు సామాను ఇస్తే పేరు కొట్టియ్యకుంట ఇస్తమా? దుకాణపాయన మిషను పెట్టి, ఏం కొట్టాలె అన్నడు. ఉత్త పేరేంది, పోయిన మనిషికి మర్యాద ఉండాలె అని, కీ.శే. నర్సయ్య జ్ఞాపకార్థం అని చెప్పిన. అంచు మీదయితే అరిగిపోతదని నడిమిట్ల కొట్టిచ్చిన. నన్ను సూసి అందరు గట్లనే... ఒకామె వాళ్ల అత్త పేరు, ఒకామె వాళ్ల బాపు పేరు. సంఘం ఆఫీసుల పేర్చినంక పద్మ సూసి, "ఇది బ్యాంకు గాదక్కా, బొందలగడ్డ అయింది, యాడ సూసినా పోయినోళ్ల పేర్లే" అని నెత్తి పట్టుకున్నది.

ఆమె అన్నట్టే అయింది. మొదటి పెండ్లి మనెదురింటి శాంత కొడుకుది. పెండ్లిపిల్ల దిక్కోళ్లు తింటున్నరు, అన్నం జరిగిన కొద్ది కీ.శే. కీ.శే. అని తేలుతున్నది. శాంత వాళ్లత్త లేచి ఒకటే లొల్లి. "లగ్గం నాడు పోయినోళ్ల పేర్లు తినాల్నా?" అని అప్పటికప్పుడు థర్మాకోల్ ప్లేట్లు తెప్పిచ్చింది. ఇగ ఎవ్వలు మన ప్లేట్లు ముట్టలే. మోరి మల్ల నిండింది.

పద్మ మెల్లగ వచ్చి, "పేర్లు గీకిపిద్దామక్కా" అన్నది. నాకు ఎంత కోపమొచ్చిందో! ముందు నీ పేరు గీకిచ్చుకో పో అన్న. ఆమె పోయినంక ఏడ్సిన. గీకిస్తే ఆయన పేరు పోతది. గీకియ్యకుంటే మల్ల వాన, మల్ల నీళ్లు. ఏం చెయ్యాలె చెప్పు?

గప్పుడొచ్చింది సుగుణమ్మ. గల్లీ చివర ఉంటది సూడు, దవాఖానల నర్సు. వాళ్లు చర్చికి పోతరు. "నా బిడ్డ పెండ్లికి ఇప్పియ్యి వదినా. మేం యాడాదికోపారి సమాధుల కాడికి పోయి పూలు, కొవ్వొత్తులు పెట్టొస్తం. పోయినోళ్లు పెండ్లికొస్తే మంచిదే గదా" అన్నది. ఆ దావత్‌ల నేనే ముందుగాల కూసొని తిన్న.

ఇగ నవ్వకు మరి. యాడాది తిరగకముందే ఆ పిల్లకు కవలలు పుట్టిండ్రు! గంతే, నర్సయ్య ప్లేట్లల్ల తింటే కడుపు పండుతదని గల్లీ గల్లీ పాకింది. లొల్లి పెట్టిన శాంత వాళ్లత్త ఉన్నది సూడు, ఆమెనే నా కాడికొచ్చి, "మా మనుమని పెండ్లానికి ఇంక కడుపు రాలే, శ్రీమంతం గాదు గాని, ఏదో ఒక దావత్ పెడతం, నర్సయ్యయే కావాలె" అన్నది. బతికున్నన్ని దినాలు చాయ్ పోసిన మనిషాయె, పిల్లలనెప్పుడు పంచిండో నాకైతే తెల్వది.

మోరి సంగతా? పోయిన వానకాలం నీళ్లు రోడ్డు మీదికి వచ్చినయి, ఇండ్లల్లకు రాలే. అంత ప్లేట్లతోనే అయిందనను, మున్సిపాలిటోళ్లు మోరి లోతు గూడ తీసిండ్రు. కని పూడిక తీస్తే మట్టే వచ్చింది, ప్లేట్లు రాలే.

అసలు ముచ్చట మరిసిన. నీ లగ్గానికి ఆ ప్లేట్లు చెప్పిపెడదామని నిన్న పద్మ కాడికి పోయిన. ఆ దినం వేరేటోళ్లు ముందే చెప్పిపెట్టుకున్నరట, కొత్తకోట సుట్టాలోళ్లది ఏదో పెండ్లట. నేను ఆయన పెండ్లాన్ని, నాకే లేవా అన్న. "ముందు చెప్పినోళ్లకే ఇయ్యాలని రూల్ పెట్టింది నువ్వే గదక్కా" అన్నది. కోపం కోపంగ ఇంటికొచ్చిన. కూసున్నంక నాకే నవ్వొచ్చింది. మీ అమ్మ లగ్గం నాడు గూడ గిట్లనే, మీ తాత గిరాకీ ఉన్నదని ఆఖరికి హోటలు మూసి వచ్చిండు. ఆయనెన్నడు మన దావత్‌కు టైముకున్నడు?

ఫికర్ చెయ్యకు. ఒక్క ప్లేటు ఇంట్లనే ఉంచుకున్న, రోజు దాంట్లనే తింట. తలంబ్రాలయినంక నీకు, నీ మొగనికి దాంట్లనే పెడత. మెతుకు ఇడవకుంట తినుండ్రి, ఆఖరి బుక్కకు తాత కనవడ్తడు. సల్లగుండు బిడ్డా... కవలల సంగతి మాత్రం నాకు తెల్వది. ఇగ బందు చెయ్యి ఫోను, చాయ్ పెడత.